ఏడో నంబరు చెవి

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను చెవులక్క అంటారు. వినడానికి ఎగతాళిగా ఉంటుంది గానీ, అనేవాళ్లకు ఎగతాళి చేసేంత ధైర్యం లేదు. క్యాంటీనులో మూడు బల్లల అవతల ఎవరైనా మేనేజరు బట్టతల గురించి గుసగుసలాడితే, ఆమె తల తిప్పకుండానే, "మీ నాన్నకి మాత్రం జుట్టుందేంటి?" అని అడిగేది. గోడలకు చెవులుంటాయంటారు కదా, ఆ గోడలు వాటిని చెవులక్క దగ్గరే అద్దెకు తెచ్చుకున్నాయని ప్యాకింగు సెక్షను వాళ్ల జోకు.

ఆ చెవుల సంగతి మొదట కనిపెట్టింది ఆమె మరిది. ఆమె పెళ్లై ఆ ఇంటికి వచ్చేనాటికి వాడికి ఏడేళ్లు, తల్లి పోయి ఏడాది. కొత్త వదినతో మాట్లాడాలంటే సిగ్గు. మాట్లాడకుండా ఉండాలంటే ప్రాణం ఒప్పదు. అందుకని వంటింటి తలుపు వెనక నిలబడి, గొంతు దాటీ దాటకుండా "వదినా" అనేవాడు. ఆమె గిన్నెలు తోముతూనే "ఊఁ" అనేది. మర్నాడు మెట్ల మీద నుంచి అన్నాడు. "ఊఁ" అంది. ఆ తర్వాత పక్కింటి వరండాలోంచి. చివరికి వీధి మలుపులో చెత్తకుండీ దగ్గర నిలబడి పెదాలు కదిపాడు. ఆమె కిటికీలోంచి తల బయట పెట్టి, "ఊఁ, ఊఁ, ఇంక ఇంటికి రా, అన్నం చల్లారిపోతోంది" అంది. వాడు ఆ రోజు నుంచి ఆమెను వదల్లేదు. ఆమె భర్త బస్సు డ్రైవరు. తన బస్సు హారను తనకే సరిగ్గా వినబడదని పేరున్న మనిషి. అన్నదమ్ములిద్దరూ ఒక తల్లి పిల్లలేనా అని ఆమె నవ్వుకునేది.

ఇంట్లో వాడు చిన్నోడు. ఇప్పుడు ముప్ఫై మూడేళ్లు, కణతల దగ్గర నెరుపు, వినికిడి గదికి ఇన్‌ఛార్జి. అయినా చిన్నోడే. "వినికిడి బాగా ఉన్నవాళ్లు కావలెను" అన్న పేపరు ప్రకటన కత్తిరించి ఆమె చేతిలో పెట్టిందీ వాడే, అప్పటికి పదహారేళ్లవాడు. "నేనేంటి, ఫ్యాక్టరీ ఏంటి" అంటే చెవినిల్లు కట్టుకుని పోరాడు. పరీక్షకు అరవై మంది వచ్చారు. కళ్లకు గంతలు కట్టి, గదిలో ఎక్కడో గుండుసూది పడేసి, ఎటు పడిందో చూపించమన్నారు. ఆమె చూపించి ఊరుకోకుండా, "రెండు పడ్డాయండీ" అంది. ఉద్యోగం అక్కడే ఖాయమైంది. మర్నాడు ఏడో నంబరు బల్ల ఇచ్చారు. అప్పటినుంచి పదిహేడేళ్లుగా ఆమె ఏడో నంబరే.

వాళ్లు చేసేది జేబులో పెట్టుకుని పాటలు వినే డిజిటల్ ప్లేయర్లు. ఆమె చేరిన కొత్తలో అవి సబ్బుపెట్టెంత ఉండేవి, గట్టిగా పదిహేను పాటలు పట్టేవి. జనం అటూ ఇటూ తిప్పి, "క్యాసెట్టు ఎక్కడ దూర్చాలి?" అని అడిగేవాళ్లు. అన్ని పాటలు అంత చిన్నదాంట్లో ఎలా ఇమిడాయని ఆమె కూడా అడిగింది. అప్పటి ఇన్‌ఛార్జి ముసలాయన, "మనిషి చెవికి ఎలాగూ ఆనదనుకున్న శబ్దమంతా ఏరి పారేస్తారు. మిగిలిందే పాట" అన్నాడు. ఆమెకు ఆ మాట నచ్చలేదు. ఎవరి చెవికి ఆనదట? తనకు ఆనుతుందిగా! ఆ తర్వాత ప్లేయరు అగ్గిపెట్టెంత అయింది, బొటనవేలంత అయింది, బొమ్మల తెర వచ్చింది, పదిహేను పాటలు పదివేలయ్యాయి. బస్సులో ఆమె ఎప్పుడూ చివరి వరుసలో కూర్చుని చెవుల్లోకి పోయే తీగలను చూసేది. పిండి అంటిన చేతులతో నిద్రకు తూలే బేకరీవాడు, ట్రాకు బూట్లలో కాలు ఆడించే అమ్మాయి, చదువు రాకపోయినా చదివి వినిపించే పుస్తకాలు వింటూ తనలో తను నవ్వుకునే ముసలావిడ. ఆ తీగల్లో సగం తన చెవి దాటి వెళ్లినవేనని ఆమెకు లోలోపల గర్వం. ఎవరితోనూ అనేది కాదు గానీ, ఉండేది.

ఇక గది సంగతి. గోడలకు మెత్తటి స్పాంజి పలకలు. ఒకప్పుడు పన్నెండు బల్లలుండేవి. ఫోనులోనే పాటలు రావడం మొదలయ్యాక ఒక్కొక్కటీ ఎత్తేసి నాలుగు మిగిల్చారు. బల్లకో హెడ్‌ఫోను, దాని వెనక శబ్దం పెంచే పెట్టె, ఆ పెట్టెకో నాబ్. నాబ్ మీద టోపీ, టోపీ మీద తెల్ల గీత. ఆ గీత పెట్టె మీది గీతతో కలిసి ఉండాలి. కదిపే హక్కు ఇన్‌ఛార్జి ఒక్కడిదే. పీసుకు నలభై సెకన్లు. మొదట పదిహేను సెకన్లు ఉత్త నిశ్శబ్దం. లోపలి సర్క్యూటు ఈల వేసినా బుసకొట్టినా అక్కడే దొరుకుతుంది. తర్వాత లోతుగా మొదలై సన్నగా పైకి పాకే ఒక స్వరం. చివర ఒక ఆడగొంతు కూనిరాగం, ఆ రాగం చివర చిటికెడు గంట. ఆ గంట చెవులక్క ఎన్ని లక్షల సార్లు విన్నదో ఆమెకే తెలీదు. నిద్రలో లేపి అడిగినా మోగించి చూపించగలదు.

వినేవాళ్లను నమ్మడం మంచిదే, పరీక్షించడం ఇంకా మంచిదని ముసలి ఇన్‌ఛార్జి ఒక పద్ధతి పెట్టాడు. రోజూ ఒక్కో బల్లకు వెళ్లే ట్రేలో మూడు చెడ్డ పీసులు తెలిసి తెలిసీ కలుపుతారు. వాటిని దొంగ పీసులంటారు. సాయంత్రం చీటీ వస్తుంది: పెట్టినవి మూడు, పట్టినవి ఇన్ని. దొంగ పీసుకు గుర్తుగా బ్యాటరీ సెల్లు పెట్టే మూత లోపల ఎర్రటి గోళ్లరంగుతో చుక్క పెడతారు. ఆ గోళ్లరంగు చెవులక్కదే. కొత్తవాళ్లకు పని నేర్పే రోజుల్లో దొంగ పీసులు తనే తయారుచేసేది. తన బల్లకు వచ్చే పీసుల మూత మాత్రం ఆమె పదిహేడేళ్లలో ఒక్కసారి కూడా తీయలేదు. తీయకూడదని రూలు. రూలు లేకపోయినా తీసేది కాదు. వినేవాడు దొంగ పీసును పట్టలేకపోతే, అది మంచి పీసుల్లో కలిసి బజారుకు పోకుండా ఇన్‌ఛార్జి వెనక్కి ఏరుకోవాలి.

చిన్నోడు ఆ గదిలో చేరినప్పుడు వాడికి వినడం ఆమే నేర్పింది. ఐదేళ్ల కిందట ముసలాయన దిగిపోయాక వాడు ఇన్‌ఛార్జి అయ్యాడు. దొంగ పీసుల డ్రాయరు తాళం, గోళ్లరంగు సీసా ఆమే వాడి చేతిలో పెట్టింది. ఆ ఐదేళ్లలో ఏ సాయంత్రం చీటీ చూసినా ఒకటే మాట: పెట్టినవి మూడు, పట్టినవి మూడు. అమ్మిన ప్రతి పెట్టెలో 'విన్నవారు' అని ఒక చీటీ ఉంటుంది. దాని మీద ఏడు అంకె ఉంటే పెద్ద కొనుగోలుదార్లు మళ్లీ విప్పి చూసుకోరట. ఈ మాట చిన్నోడే చెప్పాడు. అప్పుడు వాడి మొహం చూస్తే ఆమెకు కడుపు నిండింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె కూతురు బూట్లు కూడా విప్పకుండా లోపలికొచ్చింది. రక్తపరీక్షల ల్యాబులో కొత్త ఉద్యోగం. లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు, ప్లేయరయితే ఏమీ అనరు.

"అమ్మా, ఇది చూడు! షాపులో ఉన్న పెట్టెలన్నీ తీయించాను. షాపతను తిట్టుకున్నాడనుకో. చీటీ మీద ఏడున్నదే కావాలని కూర్చున్నా."

"పిచ్చిదానా, నన్నడిగితే తెచ్చేదాన్నిగా."

"అందరిలా కొనుక్కోవాలనిపించింది. మా అమ్మ విన్న పీసు అని షాపతనికి కూడా చెప్పాను."

"ఇంట్లో మీ అమ్మ వినేది చాలక జేబులో కూడా వేసుకు తిరుగుతావా?" అన్నాడు పడక్కుర్చీలోంచి తండ్రి.

కూతురు తీగలు చెవిలో పెట్టుకుని పాట వేసుకుంది. పాట అయిపోయింది. రెండోది మొదలయ్యే లోపల మొహం చిట్లించింది.

"అమ్మా, పాటకీ పాటకీ మధ్య సన్నగా ఏదో ఈల వస్తోంది. దోమ అరిచినట్టు."

"ఏదీ?"

చెవులక్క పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. నిశ్శబ్దం. కడిగిన పళ్లెంలా ఉంది. "ఏమీ లేదే. కొత్త కదా, నీ చెవికి అలవాటు లేదు."

"ఇప్పుడు కూడా వస్తోందమ్మా. నీ చెవిలోంచి బయటికి నాకే వినబడుతోంది!"

ఆమె భర్త కూడా తీసుకుని పెట్టుకుని, "నాకూ ఏం లేదు. మీ అమ్మ కరెక్టు" అన్నాడు. ఇరవయ్యారేళ్ల కాపురంలో ఆయన చెవులూ తన చెవులూ ఒకే మాట మీద నిలబడటం అదే మొదలు. ఆమెకు అప్పుడు భయం వేసింది.

సెల్లులో ఏదైనా లోపమేమో చూద్దామని మూత తీసింది. లోపల ఎర్రటి చుక్క.

తన గోళ్లరంగే. ఇది దొంగ పీసు. తన బల్లకు వచ్చింది, తను పట్టలేదు. పట్టలేదు కాబట్టి మంచి పీసుల్లోకి పోయింది, ఏరుకోవలసినవాడు ఏరుకోవడం మరిచిపోయాడు, తన నంబరు చీటీతో షాపుకెళ్లి, తన కూతురి జేబులోకి వచ్చింది. అంతవరకూ పొరపాటే, మనుషులన్నాక జరుగుతుంది. కానీ పట్టలేదని ఏ సాయంత్రం చీటీ చెప్పింది? ఐదేళ్లలో ఒక్క చీటీ చెప్పలేదు.

"ఏమైందమ్మా?" అంది కూతురు.

"ఏం లేదు. మార్పించి తెస్తాలే" అంది. మూత బిగించి ప్లేయరును ఒళ్లో దాచుకుంది.

సోమవారం సెలవు పెట్టి చెవి డాక్టరు దగ్గరికెళ్లింది. గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. ఈ పరీక్ష తనకు కొట్టినపిండి అనుకుంది. మధ్యలో చాలాసేపు ఏ శబ్దమూ రాకపోతే, మిషను చెడిపోయిందేమోనని అద్దంలోంచి డాక్టరుకు సైగ చేసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మిషను బాగానే ఉంది.

ఆయన చూపించిన కాగితం మీద గీత కొంతదూరం తిన్నగా నడిచి, తర్వాత మెట్టు మీద నుంచి పడ్డట్టు పడిపోయింది.

"ఎక్కడమ్మా పని? డ్రిల్లింగు మిషన్ల దగ్గరా?"

"వినికిడి గదిలోనండీ. ఊరు మొత్తానికి అంత నిశ్శబ్దమైన చోటు ఇంకోటి లేదు."

"ఇది వయసుతో వచ్చింది కాదు. గంటల తరబడి పెద్ద శబ్దం విన్న చెవి ఇది."

"మా నాబ్‌కి గీత ఉంటుంది డాక్టరుగారూ. గీత కదలదు."

"గీత సంగతి నాకు తెలీదు. మొదట్లోనే ఆపేసుంటే ఇంతవరకూ వచ్చేది కాదు. పోయింది తిరిగి రాదమ్మా. ఉన్నది మిగలాలంటే ఇవాళే ఆ పని మానేయండి."

తిరిగి వస్తూ బస్సు దిగి చెట్ల కింద నడిచింది. ఈమధ్య పిట్టలు రావడం మానేశాయేమిటా అని ఏడాదిగా అనుకుంటోంది. తలెత్తి చూసింది. కొమ్మ మీద నాలుగు పిట్టలు గొంతులు ఉబ్బించుకుని అరుస్తున్నాయి. ఆమె అక్కడే, అందరూ చూస్తుండగానే, చెట్టు మొదట్లో కూర్చుని ఏడ్చింది. మరి ఆ గంట? రోజూ నాలుగు వందల సార్లు విన్న గంట? అది ప్లేయరులోంచి రాలేదు, తన జ్ఞాపకంలోంచి వచ్చింది. పాట అక్కడికి రాగానే మనసే మోగించుకుంది.

మంగళవారం ఏడింటికల్లా ఫ్యాక్టరీలో ఉంది. ఊడ్చేవాళ్లు తప్ప ఎవరూ రాలేదు. చిన్నోడి డ్రాయరు రెండో తాళంచెవి ఇంకా ఆమె గుత్తిలోనే ఉంది. అడగాలని వాడికి తోచలేదు, ఇవ్వాలని ఆమెకు తోచలేదు. సొంత మనుషుల మధ్య అలాంటివి ఎవరు పట్టించుకుంటారు?

డ్రాయరులో పది దొంగ పీసులున్నాయి. ఒక్కోదాని మీద చిన్న కాగితం అంటించి లోపం రాసుంది. ఆమె తన బల్ల దగ్గర కూర్చుని వరసగా విన్నది. 'ఎడమ చెవిలో చిటపట' అన్నది వినబడింది. 'కుడి ఎడమ తారుమారు' అన్నది తెలిసింది. 'లోతులో బుస' తెలిసింది. మిగిలిన ఏడింటి మీద 'సన్న ఈల' అని రాసుంది. ఏడూ విన్నది. రెండోసారి విన్నది. ఏడూ చక్కటి పీసులు. పెట్టెలో పెట్టి తన నంబరు అంటించి ఎవరి బిడ్డకైనా ఇవ్వగలిగేంత మంచి పీసులు.

పీసుల కింద ఒక నోటుపుస్తకం ఉంది. మొదటి పేజీలో చిన్నోడి గుండ్రటి రాత: "వదిన చెప్పింది — విన్నదే రాయాలి, వినాలనుకున్నది కాదు." ఆమెకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. పేజీలు తిప్పింది. ఆఫీసుకు వెళ్లే చీటీలు వేరు, ఇది వేరు. ఇక్కడ నిజం రాసుకున్నాడు. ఇరవయ్యారు నెలల కిందటి దాకా మూడుకి మూడు. ఆ నెలలో ఒక రోజు మూడుకి రెండు. తర్వాత వరసగా రెండు, ఒకటి, ఒకటి. కిందటి ఏడాది నుంచి చాలా చోట్ల సున్నా. పక్కనే మార్జినులో మరో మాట: "ఏడో బల్ల నాబ్ సగం గీత పెంచాను." రెండు నెలలకోసారి, ఒక్కోసారి నెలకోసారి, మళ్లీ మళ్లీ అదే మాట. లెక్కపెడితే పద్నాలుగు సార్లు.

ఆమె బల్ల మీది నాబ్ టోపీని గోటితో పట్టి లాగింది. ఊడి వచ్చింది. పైన తెల్ల గీత తెల్ల గీతతో కలిసే ఉంది. కింద నాబ్ అసలు ముల్లు ఎక్కడో చివరకు పోయి ఉంది. ముల్లును తిప్పి, టోపీని మాత్రం పాత చోటికి తెచ్చి పెట్టాడు. పద్నాలుగు సార్లు.

దొంగ పీసులను పట్టడానికి పెట్టిన మనిషి ఆమె. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు.

చిన్నోడు ఎనిమిదింటికి రెండు టీ గ్లాసులతో వచ్చాడు. రోజూ మొదటి టీ వదినకే. తెరిచిన డ్రాయరును, ఆమె ఒళ్లో పుస్తకాన్ని, బల్ల మీద ఊడిన టోపీని చూశాడు. గ్లాసులు ఎక్కడ పెట్టాలో తెలీక పట్టుకునే నిలబడ్డాడు.

"వదినా..."

"కింద పెట్టు. ఒలికిపోతుంది."

పెట్టాడు.

"నాకు వినబడటం లేదని నీకు ఎప్పుడు తెలిసింది?"

"పుస్తకంలో ఉంది కదా వదినా."

"నీ నోటితో చెప్పు. పుస్తకం నేను పెంచింది కాదు."

"రెండేళ్ల పైన అయింది." తల దించుకున్నాడు. "ముందు నేనే తప్పు విన్నాననుకున్నా. పీసు మార్చి చూశా. తర్వాత ఖాయమైంది. నీతో చెబుదామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. నువ్వు తట్టుకోలేవనిపించింది. నీకున్నదల్లా ఆ చెవులే కదా."

"అవును, ఉన్నది అవే. అందుకేగా చెప్పాల్సింది."

"చెబితే ఏమయ్యేది వదినా? నీ ఏడు అంకె చూసే పెద్ద కొనుగోలుదారు ఇంకా మనతో ఉన్నాడు. అది లేదంటే గది మూసేస్తారు. ఇప్పటికే మన బదులు వినే మిషను పెడతామంటున్నారు. గది పోతే ఇన్‌ఛార్జి ఎందుకు? ఇక్కడున్న అందరం రోడ్డున పడతాం."

"అంటే గది నిలబెట్టడానికి నా చెవులు ఖర్చు పెట్టావు."

"ఖర్చు పెట్టలేదు! నీకు వినబడాలనే పెంచాను వదినా. కొంచెం పెంచితే పట్టేస్తావనుకున్నా. మొదట్లో పట్టావు కూడా. తర్వాత మళ్లీ తప్పిపోయింది. మళ్లీ పెంచా. నీకు సాయం చేస్తున్నాననే అనుకున్నా, ఒట్టు."

ఆమె నమ్మింది. అదే ఆమెకు ఎక్కువ బాధనిపించింది. పగవాడు చేస్తే తిట్టిపోయవచ్చు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, చేతులారా పెంచినవాడు, ప్రేమగానే, రోజూ పొద్దున్నే టీ తెచ్చి ఇచ్చి మరీ, తన చెవిలో పువ్వు పెట్టాడు. సాయంత్రాలు తల దిమ్ముగా ఉందంటే మాత్ర తెచ్చిచ్చినవాడు వాడే. చెవిలో జోరీగ మోగుతున్నట్టుందంటే, "వయసు కదా వదినా" అన్నవాడు వాడే.

లేచి కుర్చీ వెనక్కి జరిపింది. "కూర్చో."

"ఎందుకు?"

"కూర్చోమన్నాను."

చిన్నోడు ఏడో బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె తన హెడ్‌ఫోను వాడి తలకు తగిలించింది. చిన్నప్పుడు స్కూలుకు పంపేటప్పుడు టోపీ సర్దినట్టే, రెండు చేతులతో, చెవుల మీద సరిగ్గా కూర్చునేలా. నాబ్ ముట్టుకోలేదు. వాడు పెట్టిన చోటే ఉంచి, పీసు ఆన్ చేసింది.

మొదటి పదిహేను సెకన్లు ఈల. వాడి దవడ బిగిసింది, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత స్వరం లోతులోంచి పైకి పాకడం మొదలైంది. వాడి భుజాలు చెవుల దాకా లేచాయి. ఇరవయ్యో సెకనులో ఓర్చుకోలేక రెండు చేతులతో హెడ్‌ఫోను పీకి బల్ల మీద విసిరేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. బల్ల మీద పడ్డ హెడ్‌ఫోనులోంచి కూనిరాగం గదంతా వినబడుతోంది.

"ఇరవై సెకన్లు" అంది ఆమె. "మొత్తం నలభై. నేను రోజుకు నాలుగు వందల సార్లు పెట్టుకున్నా. గీత గీతతో కలిసే ఉంది కదా అని పెట్టుకున్నా. గీత నీ చేతిలో ఉంది కదా అని పెట్టుకున్నా."

వాడు చెవులు మూసుకుని ఏడుస్తున్నాడు. వాడి ఏడుపు ఆమెకు బాగానే వినబడుతోంది. మగ గొంతులు, బస్సు ఇంజన్లు, తలుపు చప్పుళ్లు అన్నీ వినబడతాయి. పోయినవి సన్నవి మాత్రమే. కూతురికి రేపు పిల్ల పుడితే దాని కేరింత ఎలా వినబడుతుందో తెలీదు.

బల్ల మీది చీటీల కట్టలోంచి ఒకటి చింపింది. పెట్టినవి పది, పట్టినవి మూడు అని తన చేతి రాతతో రాసి, కింద ఏడో నంబరు వేసి సంతకం చేసింది. పదిహేడేళ్లలో తన చీటీ తను రాసుకోవడం అదే మొదటిసారి. దాన్ని నోటుపుస్తకంలో పెట్టి వాడి ఒళ్లో ఉంచింది.

"మేనేజరుకి ఇచ్చిరా. నేను ఇవ్వను. నువ్వే ఇవ్వాలి."

"ఇస్తే నా పని అయిపోయినట్టే వదినా."

"విన్నదే రాయాలని నీకు నేర్పింది నేను. రాసుకున్నావు, బాగుంది. రాసింది చూపించాలని కూడా నేర్పాల్సింది. అది నా తప్పు."

"అన్నయ్యకి చెప్తావా?"

ఆమె మెడలో గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. కూతురి ప్లేయరు సంచీలో వేసుకుంది. వాడు తెచ్చిన టీ అలాగే ఉంది, మీద మీగడ కట్టింది. తలుపు తీసుకుని పొడవాటి వరండాలోకి నడిచింది. ఎదురుగా పనిలోకి వస్తున్న ప్యాకింగు వాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు, ఎవరో "ఏంటక్కా, అప్పుడే ఇంటికా?" అన్నారు. ఆమె తల ఊపి నడిచింది.

గేటుకు ఇంకా ఇరవై అడుగులుండగా, వెనక ఎక్కడో, వినికిడి గది తలుపు దగ్గర నుంచి, గొంతు దాటీ దాటకుండా ఒక పిలుపు వచ్చింది.

"వదినా."

వీధి మలుపులో చెత్తకుండీ దగ్గర నిలబడి పిలిచినట్టే పిలిచాడు. అంత దూరం నుంచి, అన్ని అడుగుల చప్పుళ్ల మధ్య నుంచి, ఆ ఒక్క మాట ఆమెకు స్పష్టంగా వినబడింది. చెవికే వినబడిందో, గంటలాగే జ్ఞాపకం మోగించిందో ఇక ఎప్పటికీ తేల్చుకోలేదు.

ఊఁ అనకుండా గేటు దాటింది.